జాస్పర్ లోవెట్ ఎర్రకోటు

బాత్,
14 ఫిబ్రవరి 1954

అత్తయ్యకు,

ఊలు మేజోడులో చుట్టి, ఆవపొడి డబ్బాలో పెట్టి మీరు పంపిన కెప్టెన్ గారు పోయినవారం టపాలో క్షేమంగా దిగారు. యుద్ధాలు చూసిన మనిషి కదా, తుమ్ము కూడా తుమ్మలేదు. తుమ్ములన్నీ నాకే వచ్చాయి.

మ్యూజియంలో మా మిస్ ఆర్డ్ గారు భూతద్దం పెట్టి చూసి, బొమ్మకేమీ ఫరవాలేదన్నారు. అద్దం లోపలివైపు మాత్రం బూజు మంచులా పట్టిందట. చట్రం విప్పి తుడవాలి, తొందరపడితే బొమ్మ గీసిన దంతపు రేకు చిట్లుతుంది, కాబట్టి వసంతం దాకా ఆగమన్నారు. కాలేజీ అయ్యాక మధ్యాహ్నాలు నేనిక్కడ చీటీలు అతికిస్తానని మీకు తెలుసుగా. ఇప్పుడు మన వంశవీరుడు నా బల్ల సొరుగులోనే ఉన్నాడు. రోజుకి నాలుగుసార్లు తీసి చూస్తున్నాను. అరచేతిలో సగం కూడా లేడు. సైనికుల ఎర్రకోటు, భుజం మీద బంగారు కుచ్చు, నీలికళ్ళు, ఇరవై ఏళ్ళ బుగ్గలు.

జూలైలో మీ చర్చి తోటలో జరిగే సంబరానికి, ఈ బొమ్మ గురించి మీరు చదవడానికి ఒక పేజీ రాయమన్నారు కదా. ఆరు పేజీలు వచ్చింది. జతచేశాను. రెండో పేరాలో ‘ఆ నీలినేత్రాలలో ఆసన్న మృత్యువు తన దీపాన్ని ముందే వెలిగించుకున్నది’ అనే వాక్యం మీద మీ అభిప్రాయం తప్పక రాయండి. దానికి రెండు రోజులు పట్టింది. ‘ఆసన్న’ అనే మాట గురువారం దొరికింది. అప్పటినుంచి దేనికైనా అదే వాడుతున్నాను. నిన్న మా హాస్టల్ వంటావిడతో ఆసన్న భోజనం అని కూడా అన్నాను.

మీ
మారియన్


నెదర్‌కూంబ్,
22 ఫిబ్రవరి

మారియన్‌కు,

నీ వ్యాసం అందింది. ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. మూడోసారి పిల్లికి వినిపించాను. పిల్లి లేచి వెళ్ళిపోయింది. నేను మాత్రం కళ్ళు తుడుచుకున్నాను. దీపం వాక్యం బ్రహ్మాండంగా ఉంది. నాకు అర్థం కాలేదు కాబట్టి ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. ఉపన్యాసానికి అదే కావాలి.

కథ మాత్రం సరిగ్గా రాసుకో. జాస్పర్ లోవెట్ మా తాతగారి తండ్రి. తాతగారు ఏడాది పిల్లాడిగా ఉండగా, 1812లో, స్పెయిన్‌లో ఏదో కోటగోడ ఎక్కుతూ గుండు తగిలి పోయాడు. ఇది మా నానమ్మ చెప్పింది. మా ఇంట్లో బైబిల్ తర్వాత నానమ్మే. ఒక్కోసారి బైబిల్ కంటే ముందు కూడా.

ఆ బొమ్మ హాల్లో ఉండబట్టే ఈ లోవెట్ల ఆడపిల్ల ఎవరి ముందూ తల వంచలేదు. 1921లో ఒకాయన నన్ను పెళ్ళాడమని అడిగాడు. నేను ఒక్క మాటా మాట్లాడకుండా బొమ్మ వైపు వేలు చూపించాను. ఆయన అర్థం చేసుకుని టోపీ పెట్టుకున్నాడు. అంత గంభీరమైన పని నేను మళ్ళీ చెయ్యలేదు. ఆయన వెళ్ళాక అద్దం ముందు నిలబడి, వేలు చూపిస్తూ ఎలా ఉన్నానో చూసుకున్నాను కూడా. పేరు నీకనవసరం.

ఊరి సంగతులు. చర్చి గంట తాడు తెగింది. గుడ్లు దొరుకుతున్నాయి, మాంసానికి ఇంకా రేషన్ పుస్తకమే. మందుల షాపు టకెట్ గారు షాపు అమ్మేసి ఆగస్టులో టోర్కీ అనే సముద్రపు ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోతున్నారట. ముప్పై ఏళ్ళ పైగా ప్రతి గురువారం నాకు దగ్గుమందు తెచ్చి, ఒక కప్పు టీ తాగి వెళ్తారు. నా దగ్గు 1926లోనే తగ్గిందనుకో. అయినా ఇంకెక్కడైనా కొనుక్కుంటాను. నాకేం?

మీ అత్త
ఆగస్టా


బాత్,
15 మార్చి

అత్తయ్యా,

మహత్తరమైన విశేషం! కుర్చీలో కూర్చుని చదవండి.

మ్యూజియం కింది గదిలో ఒక సొరుగు సర్దుతుంటే, మన కెప్టెన్ గారి బొమ్మ వేసిన పెయింటరువే ఇంకో రెండు బొమ్మలు దొరికాయి. ఎలియాస్ క్రెంప్ అని, ఈ ఊళ్ళోనే దుకాణం పెట్టుకున్నవాడు. ఆ రెండూ కూడా కుర్ర సైనికాధికారుల బొమ్మలే! ఒకాయన పేరు వెనక రాసి ఉంది, విలియం గాడ్‌స్‌బీ అని. ఇంకొకాయనకి పేరు లేదు, ముక్కు మాత్రం చాలా ఉంది. ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. ఏం చూశానో ఊహించండి.

ముగ్గురి భుజం కుచ్చులోనూ, ఎడమ నుంచి నాలుగో పోగు సగానికి తెగి ఉంది!

ఒకే రెజిమెంటు. ఒకే సమరం. భుజం భుజం కలిపి నిలబడ్డ ముగ్గురు మిత్రుల మీదుగా ఒకే శత్రువు కత్తి ఒకే వేటుగా దూసుకుపోయి ఉంటుంది. అంతకన్నా ఏం కావాలి? పరుగెత్తుకెళ్ళి మిస్ ఆర్డ్ గారికి చూపించాను.

“గుండీలు కూడా చూశావా?” అన్నారు ఆవిడ.

“చూశానండీ! పైనుంచి మూడోది ముగ్గురికీ కొంచెం పక్కకి ఉంది. చూడండి, ఎంత క్రమశిక్షణో!”

“ఊఁ” అన్నారు. తర్వాత చాలాసేపు కిటికీ బయటికి చూశారు. ఆవిడ ఎవర్నీ ఊరికే మెచ్చుకోరు. ఆ ‘ఊఁ’ నాకు పతకంతో సమానం.

కత్తి వేటు మీద రెండు పేజీలు కొత్తగా రాసి పంపుతున్నాను. ‘ఖడ్గధార’ అనే మాట ఐదుసార్లు వచ్చింది. ఎక్కువైతే ఒకటి తీసెయ్యండి.

మారియన్


నెదర్‌కూంబ్,
26 మార్చి

మారియన్‌కు,

ఐదూ ఉంచాను.

కత్తి వేటు సంగతి మా చర్చి వికార్ గారి భార్యకి చెప్పాను. ఆవిడ సంబరంలో బల్ల మీద పెట్టబోయే తన పింగాణీ కుక్క గురించి మాట్లాడటం వెంటనే ఆపేసింది. ఆ నిశ్శబ్దం కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూశాను.

నిన్న గురువారం టకెట్ గారు వచ్చారు. ఆయనకీ చదివి వినిపించాను.

“ముగ్గురికీ తెగిందా?” అన్నారు, వినపడే చెవి నా వైపు తిప్పి, టీ చల్లార్చుకుంటూ.

“ముగ్గురికీ.”

“అదే పోగా?”

“అదే పోగు.”

“చాలా పద్ధతైన కత్తి, మిస్ లోవెట్. నేను యుద్ధంలో నాలుగేళ్ళు ఉన్నాను, అంత లెక్క తెలిసిన ఆయుధాన్ని చూడలేదు.”

“మీరు స్ట్రెచర్ మోసేవారు కదండీ, కత్తుల సంగతి మీకేం తెలుసు?” అన్నాను.

“అదీ నిజమే. తెగినవాళ్ళని మోయడమే నా పని” అని కప్పు కింద పెట్టి, మందు సీసా బల్ల మీద ఉంచి వెళ్ళిపోయారు. షాపు కొనడానికి ఎవరో బ్రిస్టల్ నుంచి వచ్చి చూసి వెళ్ళారట. ఎవరైతే నాకేం అని ముందే రాశాను. మళ్ళీ రాయను.

ఆగస్టా


బాత్,
19 ఏప్రిల్

అత్తయ్యకు,

ఇక్కడ వానలు. సోమవారం సన్నగా, మంగళవారం కొంచెం పెద్దగా, బుధవారం గాలితో కలిసి. నదిలో నీళ్ళు మట్టిరంగుకి తిరిగాయి. పార్కులో పసుపు పూలు వాన బరువుకి తలలు వాల్చాయి. వాన గురించి మన భాషలో ఉన్న మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఇప్పటికి ముప్పై ఒకటి.

చట్రం విప్పడం అయింది. అద్దం శుభ్రంగా ఉంది. అంతా బాగానే ఉంది.

అత్తయ్యా, నాకొక ఆలోచన. జూలైలో ఉపన్యాసం స్పెయిన్ దాకా వెళ్ళకపోతే ఏం? అక్కడ ఎండలు ఎక్కువ. ఆ బొమ్మ ఎంత చిన్నదో, రేకు ఎంత పల్చనో చెప్పి, తర్వాత మీ ప్లమ్ జామ్ గురించి చెప్పొచ్చు. మీ జామ్ అంటే ఊరంతటికీ ఇష్టం. కత్తి వేటు పేజీలు నాకు తిప్పి పంపండి. విశేషణాలు సరిచూడాలి.

మళ్ళీ వాన మొదలైంది.

మారియన్


నెదర్‌కూంబ్,
23 ఏప్రిల్

మారియన్,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. మూడు రోజుల వాన! నువ్వు ఐదేళ్ళప్పుడు నా టీ గిన్నె పగలగొట్టి, గంటసేపు తోటలో సీతాకోకచిలుకల గురించి చెప్పావు. అప్పుడు కూడా నమ్మలేదు.

చట్రం విప్పితే ఏం కనిపించింది?

చెప్పే ముందు ఒకటి తెలుసుకో. ఉపన్యాసం పాడైతే నేనేదో అయిపోతానని నువ్వు భయపడుతున్నట్టున్నావు. ఉపన్యాసం సంగతి కాదు ఇది. 1921లో నన్ను అడిగినవాడు టకెట్. కొత్తగా షాపు పెట్టాడు. చేతులు ఎప్పుడూ పుదీనా వాసన వేసేవి. నాకు ఆ వాసన ఇష్టం. ఈ మాట ఇప్పటిదాకా కాగితం మీద పెట్టలేదు. అయినా కోటగోడ ఎక్కినవాడి ముని మనవరాలు, సీసాల్లో మందు కలిపేవాణ్ణి చేసుకోవడమా అని బొమ్మ చూపించాను. మరుసటి వారం దగ్గు వచ్చిందని కబురు పెట్టాను. ఆయన మందు తెచ్చాడు. అదీ మా ఇద్దరి మొత్తం చరిత్ర.

ఆగస్టు పదో తారీకున వెళ్ళిపోతున్నాడు. కాబట్టి నువ్వు చెప్పబోయేది దేని మీద పడుతుందో తెలిసే చెప్పు. కానీ చెప్పు. వాన గురించి ఒక్క మాట రాశావంటే ఉత్తరం తిప్పి పంపేస్తాను.

అత్త


బాత్,
30 ఏప్రిల్

అత్తయ్యా,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాశాను. మొదటి ఐదింటిలో మంచి మాటలున్నాయి. ఇందులో లేవు.

దంతపు రేకు వంకరపోకుండా పెయింటర్లు వెనక పేకముక్క అతికించేవారు. మన బొమ్మ వెనక ఇస్పేటు మూడు ఉంది. దాని మీద క్రెంప్ చేతిరాత ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ‘1809. జాస్పర్ లోవెట్. చీప్ స్ట్రీట్ మందుల షాపులో పనివాడు. కోటు మనదే. చేతులకు మందుల మరకలు. చేతులు వెయ్యవద్దు.’

మిస్ ఆర్డ్ గారు గుండీలు చూసినరోజే గ్రహించారు. నా అంతట నేను కనుక్కోవాలని ఊరుకున్నారట. ఆ రోజుల్లో ఊరినిండా సైనికులే. ఎర్రకోటు లేని కుర్రాడి వైపు ఏ ఆడపిల్లా తలెత్తేది కాదు. అందుకని క్రెంప్ దుకాణంలో మేకుకి ఒక ఎర్రకోటు వేలాడేది. వచ్చినవాడు అది తొడుక్కుని కూర్చునేవాడు. గాడ్‌స్‌బీ తొడుక్కున్నాడు, ముక్కాయన తొడుక్కున్నాడు, మన జాస్పరూ తొడుక్కున్నాడు. మేకుకి తగిలించీ తగిలించీ కుచ్చులో ఒక పోగు తెగింది. నా ఖడ్గధార ఆ మేకే. ముగ్గురి కళ్ళూ నీలమే. క్రెంప్ అందరికీ నీలమే వేసేవాడట. ఆసన్న మృత్యువు దీపం పెట్టుకున్నది రంగుల డబ్బాలో.

నమ్మలేక చర్చి రిజిస్టర్లు చూశాను. జాస్పర్ లోవెట్, మందుల వ్యాపారి. 1811లో మీ తాతగారి నామకరణం. తర్వాత మీకు చెప్పిన ప్రకారం స్పెయిన్‌లో పోవాలి. పోలేదు. పోవలసిన ఏడాది తర్వాత ఇంకో తొమ్మిదిమందిని కన్నాడు. 1863లో డెబ్బై నాలుగేళ్ళ వయసులో తన మంచం మీద పోయాడు.

మీ ఉత్తరం రాకముందే ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి వాన గురించి రాశాను. మీ ఉత్తరం వచ్చాక మళ్ళీ వాన గురించే రాయాలనిపించింది. మీరు దేన్ని వదులుకున్నారో చెప్పాక, దేనికోసం వదులుకున్నారో నేను చెప్పాల్సి వచ్చింది. నన్ను తిట్టండి. ఎంత పెద్ద మాటలతో తిట్టినా వాటిని నోటుబుక్కులో రాసుకోను.

మీ
మారియన్


నెదర్‌కూంబ్,
20 మే

అందింది.

ఆ.లో.


బాత్,
12 జూన్

అత్తయ్యా,

మీ కార్డు మీద ఒకే ఒక మాట ఉంది. దాన్ని ఇరవై మూడు రోజులుగా చదువుతున్నాను. బొమ్మని శుభ్రం చేసి, మళ్ళీ చట్రంలో బిగించి, దూదిలో చుట్టి పంపుతున్నాను. పేకముక్కని దాని చోటునే ఉంచమన్నారు మిస్ ఆర్డ్ గారు. మీరు కోరితే ఎవరికీ చెప్పరు. నేనూ చెప్పను. నా పాత వ్యాసం మీ దగ్గరే ఉంది కాబట్టి దాన్ని చదివినా ఎవరూ పట్టుకోలేరు. పొయ్యిలో వేసినా నాకు సంతోషమే.

నన్ను రమ్మంటారా?

మారియన్


నెదర్‌కూంబ్,
11 జూలై

మారియన్‌కు,

రమ్మనలేదు, ఎందుకంటే వస్తే నన్ను ఓదార్చేదానివి. అది నాకు సరిపడదు.

మే నెలంతా బొమ్మ మేకు కింద గోడమీద ఖాళీ చోటు చూస్తూ కూర్చున్నాను. మొదట ఆ జాస్పర్ మీద కోపం వచ్చింది. చచ్చాక తొమ్మిదిమందిని కన్న మనిషి! తర్వాత మా నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పెద్దింటి పిల్ల, తండ్రికి గుర్రబ్బళ్ళుండేవి. తాతగారు ‘వ్యాపారం’ చేసేవారని చెప్పేది, ఏ వ్యాపారమో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది. మందులవాడి కొడుకుని మందుల షాపులోనే ఇష్టపడి చేసుకుంది. పుట్టింటివాళ్ళ ముందు తలెత్తుకోవడానికి మామగారిని కెప్టెన్ని చేసి స్పెయిన్‌లో చంపింది. మిగిలిన తొమ్మిదిమందినీ ఆయన తమ్ముడి పిల్లలని మాకు చెప్పింది. ఆ తమ్ముడు పుట్టనేలేదన్నమాట.

నిన్న సంబరం. ఎండ బాగానే కాసింది. మాంసానికి రేషన్ తీసేసిన వారం కదా, వికార్ గారు ఉపన్యాసాల కంటే సాసేజీల వైపే చూస్తున్నారు. బల్లమీద పింగాణీ కుక్క, దాని పక్కన జాస్పర్. నీ వ్యాసం చేతిలో పట్టుకుని లేచాను. టకెట్ గారు వెనక వరసలో నిలబడి ఉన్నారు. చదవలేదు. కాగితాలు మడిచి, ఉన్నది చెప్పేశాను. ఇస్పేటు మూడు, మేకు మీది కోటు, మరకల చేతులు, అన్నీ. చివర ఇలా అన్నాను: “మా నానమ్మ మందులవాణ్ణి చేసుకుని ఒక అబద్ధం ఆడింది. నేను ఆ అబద్ధాన్ని నమ్మి మందులవాణ్ణి వదులుకున్నాను. ఇద్దరిలో ఎవరు తెలివైనదో చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు.” కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వికార్ గారి భార్య నిమ్మరసం తెచ్చిచ్చింది, అంటే నా పరిస్థితి ఎంత దిగజారిందో చూడు.

అందరూ సాసేజీల దగ్గరికి వెళ్ళాక టకెట్ గారు బల్ల దగ్గరికొచ్చారు. బొమ్మని చేతిలోకి తీసుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

“ముప్పై మూడేళ్ళుగా ఈ కుర్రాడంటే నాకు పడదు” అన్నారు. “పాపం, మావాడే.”

“మీ షాపు అమ్మకం...” అన్నాను.

“అయిపోయిందండీ. సంతకాలు పెట్టేశాను.”

“మంచిది.”

“మీ దగ్గు ఎలా ఉంది, మిస్ లోవెట్?”

“నాకు దగ్గు లేదు, టకెట్ గారూ. 1926 నుంచీ లేదు.”

“తెలుసండీ. అప్పటినుంచీ సీసాలో వట్టి తేనె, నిమ్మరసమే కలుపుతున్నాను.”

ఇద్దరం కాసేపు పింగాణీ కుక్కని చూశాం. ఆయన బొమ్మని జాగ్రత్తగా బల్లమీద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళారు. నేను పిలవలేదు. ఎవర్నైనా పిలవడం నాకెప్పుడూ అలవాటు లేదు, వేలు చూపించడమే వచ్చు.

నీ పాత వ్యాసం దాచుకున్నాను. పొయ్యిలో వెయ్యను. నవ్వుకోవడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి.

అత్త


టోర్కీ,
4 సెప్టెంబర్

మారియన్‌కు,

పైన ఊరిపేరు చూసి కళ్ళజోడు తుడుచుకోకు. సరిగ్గానే చదివావు. సముద్రపు గాలి ఊపిరితిత్తులకి మంచిదని ఎవరో చెప్పారు. నా ఊపిరితిత్తులకి ఏ జబ్బూ లేదని రాయకు, నాకు తెలుసు. వారం రోజులకని గది తీసుకున్నాను. ఇది మూడో వారం. ఇంటావిడ పెట్టే చేపలకి ఉప్పుండదు, ఆవిడ మాటల్లో ఉంటుంది.

రోజూ సాయంత్రం ఒక పెద్దమనిషి తన చెల్లెలి కుక్కని తీసుకుని సముద్రం ఒడ్డున నడుస్తారు. నేనూ నడుస్తాను. పద్ధెనిమిది రోజులు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. వాన గురించి నువ్వు ముప్పై ఒక్క మాటలు పోగేశావు కదా, మేం నలభై వాడాం.

ముందు ఆయనే మళ్ళీ అడుగుతారని ఎదురుచూశాను. ఎందుకడుగుతారు? ఒకసారి అడిగితే గోడమీద బొమ్మని చూపించిన మనిషిని! కాబట్టి నిన్న నేనే అడిగాను. సముద్రంలోకి కట్టిన వంతెన చివర బెంచీ మీద కూర్చుని, సముద్రం వైపు చూస్తూ, చాలా మర్యాదగా, ఇంటి దగ్గర రాసుకుని వచ్చిన వాక్యంతో అడిగాను. అందులో ఒక మంచి మాట కూడా పెట్టాను, నీ వ్యాసంలోంచి దొంగిలించి.

ఆయన అలాగే కుక్క చెవులు గోకుతూ కూర్చున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. 1917లో ఫిరంగుల మోతకి వినికిడి పోయిన చెవి ఆయనకి ఎడమది. నేను కూర్చున్నదీ ఎడమవైపే.

లేచి, బెంచీ చుట్టూ తిరిగి, కుడివైపు వచ్చి కూర్చున్నాను. రాసుకొచ్చిన వాక్యం మర్చిపోయాను. గాలి ఎక్కువగా ఉంది, కాబట్టి గట్టిగా, “టకెట్ గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?” అని అరిచాను.

పక్క బెంచీల వాళ్ళంతా విన్నారు. ఆయన కూడా విన్నారు. నవంబర్ ఆరున సెలవు పెట్టుకో.

అత్త
ఆగస్టా